ఆల్బమ్ షీటు అడిగే ల్యాప్‌టాప్

విశాఖకూ తునికీ మధ్య, 16వ నంబరు జాతీయ రహదారి మీద ఉన్న నక్కపల్లి లాంటి ఊళ్లో స్టూడియో పెట్టుకున్నవాళ్లకు పని ముఖ్యంగా మూడు రకాలుగా వస్తుంది. పాస్‌పోర్టు ఫొటోలు, ఫ్లెక్సీలు, పెళ్లి ఆల్బమ్‌లు. మూడూ చేసేది ఒకే ఫొటోషాప్‌లో అయినా కంప్యూటరు మీద పడే బరువు మాత్రం ఒకటి కాదు. విశాఖ ద్వారకానగర్ వెళ్లి "ఎడిటింగ్‌కి మంచి ల్యాప్‌టాప్ చూపించండి" అని అడిగితే ముందు ప్రాసెసర్ పేరు వినబడుతుంది, తరవాత గ్రాఫిక్స్ కార్డు పేరు. తెర గురించి అడిగేవాళ్లూ తక్కువే, చెప్పేవాళ్లూ తక్కువే. నా లెక్కలో మాత్రం ఫొటో పనికి తెర మొదటిది, ర్యామ్ రెండోది, మిగతావన్నీ ఆ తరవాతే. ఎందుకంటారా? ఈ విశేషాలు చూడండి.

ఏది బరువు?

పాస్‌పోర్టు ఫొటో కొలత 35 బై 45 మిల్లీమీటర్లు. అంగుళానికి 300 చుక్కల చొప్పున అది 413 బై 531 పిక్సెళ్లు, అంటే దాదాపు 2 లక్షల 19 వేలు. పాతబడిన కంప్యూటరు కూడా ఈ పని తేలిగ్గా చేసేస్తుంది. అదే చొప్పున 12 బై 36 అంగుళాల పెళ్లి ఆల్బమ్ షీటు 3,600 బై 10,800 పిక్సెళ్లు. మొత్తం 3 కోట్ల 88 లక్షలు. ఒక్క షీటులో 177 పాస్‌పోర్టు ఫొటోలంత సరుకు ఉందన్నమాట.

ఇక జాతరకో, నాయకుడి పుట్టినరోజుకో కట్టే 10 బై 8 అడుగుల ఫ్లెక్సీ సంగతి. దూరం నుంచి చూసేదే కదా అని అంగుళానికి 72 చుక్కలే పెట్టినా 8,640 బై 6,912, అంటే దాదాపు 6 కోట్ల పిక్సెళ్లు. ముద్రణ కోసం నాలుగు రంగుల సీఎంవైకేలో పెడితే పిక్సెల్‌కు 4 బైట్లు, మొత్తం 239 ఎంబీ. ఇదంతా అడుగున ఉండే ఒక్క లేయరుకే. దాని మీద ఊరి కుర్రాళ్ల ముఖాలన్నీ వరసగా వస్తాయి, ఒక్కో ముఖం ఒక్కో లేయరు. లేయరు ఎంత మేర పరుచుకుంటే అంత మెమరీ తీసుకుంటుంది కాబట్టి చిన్న ముఖాలు పెద్ద భారం కావు. షీటు నిండా పరిచే పూల డిజైన్లు, వెలుగు కిరణాలు, రంగు పొరలే ర్యామ్‌ను ఖాళీ చేస్తాయి. ఆల్బమ్ షీటులోనైతే అలాంటి నిండు లేయరు ఒక్కోదానికి 117 ఎంబీ. పది వేస్తే ఒక జీబీ దాటింది. నాణ్యత కోసం 16 బిట్‌లో చేస్తే రెండు జీబీ దాటింది. వెనక్కి వెళ్లడానికి ఫొటోషాప్ దాచుకునే పాత దశలు దీనికి అదనం.

ర్యామ్ నిండితే

ఫొటోషాప్‌కు కనీసం 8 జీబీ ర్యామ్ ఉండాలని, 16 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే మంచిదని అడోబీ చెబుతుంది. 8 జీబీలో విండోస్ తన వాటా తీసుకుంటుంది, పక్కన బ్రౌజరు తెరిచి ఉంటే అదీ తీసుకుంటుంది. మిగిలింది చాలకపోతే ఫొటోషాప్ ఆగిపోదు, పనిని డిస్కు మీదకు మళ్లిస్తుంది. దాన్నే స్క్రాచ్ డిస్కు అంటారు. బ్రష్ గీసిన రెండు క్షణాలకు గీత కనబడటం, లేయరు జరిపితే ఆగి ఆగి జరగటం అప్పుడు మొదలవుతుంది. చాలామంది దాన్ని ప్రాసెసర్ నీరసం అనుకుని ఈసారి ఐ7 కొందామనుకుంటారు. మందు వేయాల్సిన చోటు వేరే.

పాస్‌పోర్టులూ ఫ్లెక్సీలూ ప్రధానమైతే 16 జీబీ. ఆల్బమ్‌లు చేసేవాళ్లు 32కి వెళ్లడం న్యాయం. ఇక్కడ ఇంకో మెలిక ఉంది. పలచటి ల్యాప్‌టాప్‌ల్లో ఎల్‌పీడీడీఆర్ రకం ర్యామ్‌ను మదర్‌బోర్డుకే అతికించేస్తారు. తరవాత పెంచుకుందాంలే అనుకోవడానికి వీలుండదు. ర్యామ్ ధరలు 2025 చివరి నుంచి బాగా పెరిగాయి. కాబట్టి కొనేటప్పుడే అడగాల్సిన ప్రశ్న: ఖాళీ స్లాటు ఉందా?

8 జీబీవి రెండు ముక్కలు ఉండటానికీ 16 జీబీ ఒకటే ముక్క ఉండటానికీ కూడా తేడా ఉంది. డీడీఆర్4-3200 రకం ఒక ముక్క సెకనుకు 25.6 జీబీ సమాచారం అందించగలదు. రెండు ముక్కలు జంటగా పనిచేస్తే అది రెట్టింపు. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని ల్యాప్‌టాప్‌లో బొమ్మ గీసే చిప్పు కూడా ఈ ర్యామ్‌నే వాడుకుంటుంది కాబట్టి తేడా మరింత స్పష్టంగా తెలుస్తుంది.

45 శాతం అనే చిన్న అక్షరాలు

ల్యాప్‌టాప్ వివరాల పట్టికలో తెర దగ్గర '45 శాతం ఎన్‌టీఎస్‌సీ' అని కనబడితే అక్కడ ఆగాలి. ఎన్‌టీఎస్‌సీ అన్నది 1953 నాటి అమెరికా కలర్ టీవీ ప్రమాణం. ఆ టీవీలు పోయాయి గానీ కొలత మిగిలింది. ఈ కొలతలో 72 శాతం ఉన్న తెర, ఇవాళ ఫోన్లూ ఇంటర్నెట్టూ చాలా ఫొటో ల్యాబ్‌లూ వాడే ఎస్‌ఆర్‌జీబీ రంగులను ఇంచుమించు మొత్తం చూపిస్తుంది. 45 శాతం తెర వాటిలో 60 శాతం పైచిలుకు మాత్రమే చూపగలదు. తక్కువ ధర ల్యాప్‌టాప్‌ల్లో ఎక్కువగా ఉండేది ఇదే.

పోయిన రంగులు ఏవి? మన పెళ్లిలో ముఖ్యమైనవే. కుంకుమ ఎరుపు, బంతిపూల నారింజ, పట్టుచీర అంచు ఆకుపచ్చ, తలంబ్రాల పసుపు. ఇవన్నీ బాగా చిక్కటి రంగులు. తెర వాటిని వెలిసినట్టు చూపిస్తుంది. ఎడిటింగ్ చేసేవాళ్లు "రంగు చాల్లేదు" అని సాచురేషన్ పెంచుతారు. తెర మీద సరిపోయినట్టే ఉంటుంది. ల్యాబ్ నుంచి షీటు వచ్చాక చూస్తే పెళ్లికూతురు బుగ్గలు ఎర్రబడి, బంతిదండలో రేకులన్నీ కలిసిపోయి ఒకే నారింజ ముద్ద అయి ఉంటుంది. నింద ల్యాబ్ మీద పడుతుంది. అసలు కారణం ఆ పట్టికలో ఉన్న చిన్న అంకె. 45 శాతం తెర కొని దాని మీద కష్టపడి రంగులు దిద్దటమంటే పొగచూరిన అద్దంలో చూస్తూ బొట్టు పెట్టుకోవటమే.

ఇలాంటి తెరలు చాలావాటిలో ఒక్కో రంగుకు 6 బిట్లే ఉంటాయి. అంటే ఎరుపులో 64 మెట్లు, పచ్చలో 64, నీలంలో 64, కలిపి 2 లక్షల 62 వేల రంగులు. 8 బిట్ల తెరలో రంగుకు 256 మెట్లు, మొత్తం కోటీ 67 లక్షలు. కెమెరా 14 బిట్ల రా ఫైలులో అయితే రంగుకు 16,384 మెట్లు. నక్కపల్లి దగ్గరి రాజయ్యపేట తీరంలో సాయంత్రం ఆకాశం తీశామనుకోండి. నారింజ నుంచి నీలానికి మెల్లగా మారాల్సిన చోట తెర మీద చారలు కనబడతాయి. ఫొటోలో లేని చారలను తుడవాలని ఎడిటర్ గంట కూర్చుంటాడు.

తప్పులోంచి పుట్టిన ప్రమాణం

ఎస్‌ఆర్‌జీబీని 1996లో హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ కలిసి తయారుచేశాయి. మనిషి కంటికి కనబడే రంగుల్లో దాదాపు 35 శాతం అందులోకి వస్తాయి. దానికంటే పెద్దది అడోబీ ఆర్‌జీబీ, ఇంచుమించు 50 శాతం. దీని పుట్టుక ఆసక్తికరం. 1998లో ఫొటోషాప్ 5.0 కోసం టీవీ రంగానికి చెందిన ఒక ప్రమాణాన్ని తీసుకుందామని అడోబీ ఇంజినీర్లు అనుకున్నారు. పత్రంలోంచి తీసుకున్న అంకెలు పొరపాటువని తరవాత తేలింది. ఈలోపు ఫొటోగ్రాఫర్లకు అది నచ్చేసింది, ముఖ్యంగా ప్రింటులో వచ్చే పచ్చలు, నీలిపచ్చలు అందులో బాగా ఇమిడాయి. దిద్దడం మానేసి పేరు మార్చి అలాగే ఉంచేశారు.

మరి అడోబీ ఆర్‌జీబీ చూపే ఖరీదైన తెర కొనాలా? నక్కపల్లి స్టూడియోకు అక్కర్లేదంటాను. షీట్లు వేసే ల్యాబ్‌లు చాలావరకు ఎస్‌ఆర్‌జీబీ జేపెగ్‌లే అడుగుతాయి. వాట్సాప్‌లో పెళ్లివాళ్లకు పంపేవీ అవే. '100 శాతం ఎస్‌ఆర్‌జీబీ' అని రాసి ఉన్న ఐపీఎస్ తెర ఉంటే ఆ పనికి నిండుగా సరిపోతుంది. ఓలెడ్ తెరలు ఇంకా ఎక్కువ రంగులు చూపిస్తాయి, నలుపు నిజంగా నల్లగా ఉంటుంది. కానీ రోజంతా ఒకేచోట కదలకుండా ఉండే ఫొటోషాప్ పనిముట్ల పట్టీ కొన్నేళ్లకు తెర మీద మచ్చగా మిగిలే ప్రమాదం వాటిలో ఉంది.

ఇంకో దారి కూడా ఉంది. ల్యాప్‌టాప్ తెర ఎలా ఉన్నా, స్టూడియో టేబుల్ మీద 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ ఐపీఎస్ మానిటర్ ఒకటి పెట్టుకుని హెచ్‌డీఎంఐ తీగతో కలుపుకోవడం. ల్యాప్‌టాప్ ధరలో చిన్న భాగానికే వస్తుంది, ల్యాప్‌టాప్ మారినా అది ఉంటుంది. ఇప్పటికే 45 శాతం తెర కొనేసినవాళ్లకు నేను గట్టిగా చెప్పే సలహా ఇదే.

షీట్లు నల్లగా ఎందుకొస్తాయి

ల్యాబ్ మీద వచ్చే ఫిర్యాదుల్లో పెద్దది ఇది: తెర మీద వెలుగుగా ఉన్న ఫొటో షీటు మీద చీకటిగా వచ్చింది. కాగితానికి సొంత వెలుగు లేదు. తెరకు ఉంది. ప్రింటుతో పోల్చి చూడాలంటే తెర వెలుగు 80 నుంచి 120 నిట్‌ల మధ్య ఉండాలని చెబుతారు. మామూలు ల్యాప్‌టాప్ తెర నిండుగా పెడితే 250, 300 నిట్‌లు ఇస్తుంది. చీకటి గదిలో తెరను నిండు వెలుగులో పెట్టి ఎడిట్ చేసినవాళ్లు ఫొటోను తెలియకుండానే చీకటి చేస్తారు. దీనికి కొత్త ల్యాప్‌టాప్ అక్కర్లేదు, వెలుగు సగం కంటే తక్కువకు తగ్గించడమే చికిత్స. విండోస్‌లో రాత్రిపూట తెరను పసుపుపచ్చగా మార్చే నైట్ లైట్ వెలిగి ఉంటే దాన్నీ ఆపాలి. లేకపోతే ఆ పసుపును కోసేసి, ఫొటోలన్నీ నీలంగా పంపుతాం.

షీటు పొడవు, తెర ఎత్తు

1,920 బై 1,080 తెరలో 20 లక్షల పైచిలుకు పిక్సెళ్లుంటాయి. 24 మెగాపిక్సెల్ ఫొటోను అసలు కొలతలో తెరిస్తే ఒక్కసారికి కనబడేది పన్నెండో వంతు. 1,200 ఎత్తున్న 16:10 తెర అయితే నిలువునా 11 శాతం చోటు ఎక్కువ. మూడింతలు పొడవుండే ఆల్బమ్ షీటు పైనా కిందా పనిముట్ల పట్టీలకు చోటు మిగలాలంటే ఇది బాగా కలిసొస్తుంది.

కెమెరా చూడని రంగులు

24 మెగాపిక్సెల్ కెమెరా ప్రతి పిక్సెల్ దగ్గరా మూడు రంగులూ కొలుస్తుందని అనుకుంటాం. కొలవదు. కొడాక్ సంస్థలో బ్రైస్ బేయర్ రూపొందించిన అమరిక ప్రకారం (పేటెంటు 1976లో వచ్చింది) కోటీ 20 లక్షల పిక్సెళ్లు ఆకుపచ్చను మాత్రమే, 60 లక్షలు ఎరుపును, 60 లక్షలు నీలాన్ని కొలుస్తాయి. మన కన్ను పచ్చ దగ్గర ఎక్కువ వివరం పడుతుంది కాబట్టి దానికి రెట్టింపు వాటా. తెర మీద బొమ్మ రావాలంటే 7 కోట్ల 20 లక్షల విలువలు కావాలి. కెమెరా ఇచ్చింది 2 కోట్ల 40 లక్షలే. మిగిలిన మూడింట రెండు వంతులు ల్యాప్‌టాప్ పక్క పిక్సెళ్లను చూసి లెక్కగట్టి నింపుతుంది. రా ఫైలు తెరవగానే ఫ్యాను మోగడానికి కారణం ఇదే. జేపెగ్‌లో తీస్తే ఈ పని కెమెరాయే చేసి ఇస్తుంది. స్టూడియోలో జేపెగ్‌తోనే నడిచేవాళ్లకు ప్రాసెసర్ అంత బలమైనది అక్కర్లేదు.

అర్ధరాత్రి ముహూర్తం, గ్రాఫిక్స్ కార్డు

మన పెళ్లి ముహూర్తాలు చాలావరకు రాత్రివే. జీలకర్ర బెల్లం పెట్టే వేళకు పందిట్లో ఉన్న లైట్ల వెలుగే దిక్కు. కెమెరా ఐఎస్‌వో పెంచక తప్పదు, పెంచితే ఫొటో నిండా ఇసక రాలినట్టు మచ్చలు. నక్కపల్లి పక్కనే ఉన్న ఉపమాక వేంకటేశ్వరస్వామి ఉత్సవాల్లో దీపాల వెలుగులో తీసే ఫొటోలదీ ఇదే ఇబ్బంది. 2023 ఏప్రిల్‌లో అడోబీ లైట్‌రూమ్‌లోకి ఏఐ డీనాయిజ్ తెచ్చింది. పైన చెప్పిన రంగులు నింపే లెక్కనూ మచ్చలు తీసే పనినీ అది కలిపి చేస్తుంది. ఫలితం బాగుంటుంది. కానీ భారమంతా గ్రాఫిక్స్ కార్డు మీదే.

ఒక రాత్రి పెళ్లిలో 500 ఫొటోలకు ఇది వాడాలనుకుందాం. ఫొటోకు 10 సెకన్లు పట్టే కార్డు ఉంటే గంటన్నర లోపే అయిపోతుంది. గ్రాఫిక్స్ కార్డు విడిగా లేని ల్యాప్‌టాప్‌లో ఫొటోకు మూడు నిమిషాలు పడితే 25 గంటలు. గ్రాఫిక్స్ కార్డు కొనాలా వద్దా అన్న ప్రశ్నకు జవాబు దీన్ని బట్టే చెప్పాలి. రాత్రి పెళ్లిళ్లు రాలో తీసి డీనాయిజ్ వాడేవాళ్లకు కార్డు కావాలి, అందులోనూ 8 జీబీ సొంత మెమరీ ఉన్నదైతే మేలు. ఆర్‌టీఎక్స్ 4050 ల్యాప్‌టాప్ కార్డులో 6 జీబీ, 4060లో 8 జీబీ ఉంటాయి. మిగతావాళ్లు ఆ డబ్బును తెర మీదా ర్యామ్ మీదా పెట్టుకోవచ్చు.

కార్డు పేరు ఒకటే అయినా బలం ఒకటే అనుకోకూడదు. ఆర్‌టీఎక్స్ 4060 ల్యాప్‌టాప్ కార్డును కంపెనీలు 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా ఎంతకైనా బిగించవచ్చు. పలచటి పెట్టెలో తక్కువ వాట్లు, లావు పెట్టెలో ఎక్కువ. స్టిక్కరు మీద ఇది ఉండదు, కంపెనీ పూర్తి వివరాల పట్టికలో వెతకాలి.

పేర్లలో దాగిన సంగతులు

ఐ7 అంటే ఐ5 కంటే ఎప్పుడూ గొప్పదని ఒక నమ్మకం. ఐ7-1255యూలో బలమైన కోర్లు రెండు, పొదుపు కోర్లు ఎనిమిది. ఐ5-12500హెచ్‌లో బలమైనవి నాలుగు, పొదుపువి ఎనిమిది. చివరి అక్షరం యూ అయితే 15 వాట్ల తరగతి, హెచ్ అయితే 45 వాట్ల తరగతి. ఒకేసారి వందల ఫొటోలు ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు ఈ ఐ5 ముందుంటుంది.

రైజెన్ పేర్లు ఇంకా విచిత్రం. రైజెన్ 5 7520యూ 2022లో వచ్చింది, అంకె చూస్తే ఏడు వేల శ్రేణి. లోపలి కోరు మాత్రం 2019లో మొదలైన జెన్ 2. ఆ శ్రేణిలో మూడో అంకె చూస్తే అసలు తరం తెలుస్తుంది: 2 అంటే జెన్ 2, 3 అంటే జెన్ 3, 4 అంటే జెన్ 4.

ఒత్తులు విడిపోతే

ఆల్బమ్ మీద పెళ్లికొడుకు పేరు యూనికోడ్ తెలుగులో టైపు చేస్తే ఒత్తులూ గుణింతాలూ విడివిడిగా పడుతున్నాయా? దానికి ల్యాప్‌టాప్‌తో సంబంధమే లేదు. ఫొటోషాప్ అక్షరాల అమరికలో వరల్డ్ రెడీ లేఅవుట్ ఎంచుకుంటే సర్దుకుంటుంది. పాత వెర్షన్లలో దాని పేరు మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్.

సికింద్రాబాద్ నుంచి, హైదరాబాద్ నుంచి

రాజా దీన్‌దయాళ్ 1886లో సికింద్రాబాద్‌లో స్టూడియో తెరిచారు. ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫరు ఆయన. పరదా పాటించే స్త్రీల కోసం 1892లో హైదరాబాద్‌లో ప్రత్యేక స్టూడియో పెట్టి, దాన్ని ఒక ఆంగ్ల మహిళకు అప్పగించారు. ఎడిటింగ్ అప్పుడూ ఉంది. ముఖం మీద మచ్చలు, ముడతలు తీయాలంటే గాజు నెగటివ్ మీద సన్నటి పెన్సిల్‌తో దిద్దటం నాటి స్టూడియోల్లో మామూలు పని. తప్పు పోతే వెనక్కి వెళ్లే సౌకర్యం లేదు.

ఫొటోషాప్ మొదటి వెర్షన్ 1990 ఫిబ్రవరిలో వచ్చింది, అదీ మ్యాకింటాష్‌కు మాత్రమే. థామస్ నాల్, జాన్ నాల్ అనే అన్నదమ్ముల కృషి అది. లేయర్లు 1994లో 3.0తో వచ్చాయి. అంటే మొదటి నాలుగేళ్లూ ఆ సౌకర్యం లేకుండానే జనం పని చేశారు. అడోబీ సంస్థ పగ్గాలు 2007 డిసెంబరులో అందుకున్న శంతను నారాయణ్ హైదరాబాద్‌లో పుట్టి, ఉస్మానియా ఇంజినీరింగ్ కళాశాలలో చదువుకున్నవారు.

476 జీబీలో ఎన్ని పెళ్లిళ్లు?

512 జీబీ ఎస్‌ఎస్‌డీ కొంటే విండోస్‌లో 476 అని కనబడుతుంది. ఎవరూ దొంగిలించలేదు. కంపెనీ జీబీ అంటే వంద కోట్ల బైట్లు, విండోస్ జీబీ అంటే 107 కోట్ల పైచిలుకు. విండోస్‌కూ సాఫ్ట్‌వేర్లకూ వంద పోతే 376 మిగులుతుంది. పెళ్లికి 3,000 రా ఫొటోలు, ఒక్కోటి 30 ఎంబీ అనుకుంటే 90 జీబీ. నాలుగు పెళ్లిళ్లతో నిండిపోయింది, ఇంకా ఆల్బమ్ ఫైళ్లు పెట్టనే లేదు. మాఘమాసంలో వరసగా ముహూర్తాలుంటే నెల తిరక్కుండానే చోటు ఉండదు. 1 టీబీ తీసుకోవాలి, లేదా రెండో ఎస్‌ఎస్‌డీకి చోటున్న ల్యాప్‌టాప్ చూడాలి.

1956లో ఐబీఎం చేసిన మొదటి హార్డ్ డిస్కు యంత్రం బీరువాకంటే పెద్దది, దాదాపు టన్ను బరువు. దాని సామర్థ్యం 3.75 ఎంబీ. ఇవాళ్టి ఒక్క రా ఫొటో దాచడానికి అలాంటివి ఏడెనిమిది కావాలి.

వేగం సంగతికొస్తే, తిరిగే హార్డ్ డిస్కు సెకనుకు 100 నుంచి 150 ఎంబీ చదువుతుంది, సాటా ఎస్‌ఎస్‌డీ 550, ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ 3,500 నుంచి 7,000. సాటా నుంచి ఎన్‌వీఎంఈకి మారితే ఫొటో పనిలో తేడా అంకెల్లో కనబడినంతగా కనబడదు. హార్డ్ డిస్కు నుంచి ఏ ఎస్‌ఎస్‌డీకి మారినా మాత్రం పాత ల్యాప్‌టాప్‌కు ప్రాణం లేచొస్తుంది. కొత్తది కొనే స్తోమత లేనివాళ్లు ముందు చేయాల్సింది ఈ మార్పే.

కెమెరా మెమరీ కార్డు కాపీ చేసేటప్పుడు ఇరుకు ఇంకోచోట ఉంటుంది. 64 జీబీ కార్డును సెకనుకు 90 ఎంబీ చొప్పున చదివితే 12 నిమిషాలు. పాత యూఎస్‌బీ 2.0 రీడరులో సెకనుకు 35 ఎంబీయే వస్తే అరగంట. కొన్ని ల్యాప్‌టాప్‌ల్లో లోపలి కార్డు స్లాటు కూడా యూఎస్‌బీ 2.0 వేగంతోనే నడుస్తుంది. బయట నుంచి ఒక యూఎస్‌బీ 3 కార్డు రీడరు కొనుక్కుంటే చౌకలో సమయం కలిసొస్తుంది.

మూడు ప్రతులు

ఫైళ్లు మూడు ప్రతులు ఉండాలి, రెండు రకాల సాధనాల మీద ఉండాలి, ఒకటి వేరే చోట ఉండాలి. కంప్యూటరు రంగమంతా వాడే ఈ 3-2-1 సూత్రాన్ని ప్రచారంలోకి తెచ్చింది పీటర్ క్రోగ్, వృత్తిరీత్యా ఫొటోగ్రాఫరు. పెళ్లి మళ్లీ తీయలేం కాబట్టి ఈ జాగ్రత్త ముందు తట్టింది ఫొటోగ్రాఫరుకే అంటే ఆశ్చర్యం లేదు. దీన్‌దయాళ్ గాజు నెగటివ్‌లు 2,800కు పైగా ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో నేటికీ భద్రంగా ఉన్నాయి. ఎస్‌ఎస్‌డీ అలా ఉండదు. కరెంటు అందకుండా ఏళ్ల తరబడి బీరువాలో పడేస్తే అందులోని సమాచారం చెదిరిపోవచ్చు. బాగా వాడి అరిగిన ఎస్‌ఎస్‌డీ 30 డిగ్రీల దగ్గర కరెంటు లేకుండా ఒక ఏడాది నిలవాలన్నదే పరిశ్రమ పెట్టుకున్న ప్రమాణం. మన వేసవిలో బీరువా లోపల 30 డిగ్రీలే ఉండవు. పాత పెళ్లిళ్లు దాచడానికి బయటి హార్డ్ డిస్కులు రెండు కొనడం మంచిది. ఒకటి స్టూడియోలో, ఒకటి ఇంట్లో.

కరెంటు పోతే

గ్రాఫిక్స్ కార్డు ఉన్న ల్యాప్‌టాప్ చార్జరు తీయగానే వేగం తగ్గించుకుంటుంది. బ్యాటరీ అంత విద్యుత్తు ఒక్కసారిగా ఇవ్వలేదు. 90 వాట్-అవర్ బ్యాటరీ మీద 140 వాట్ల పని పెడితే 40 నిమిషాల్లోపే అయిపోతుంది. బ్యాటరీ ఇంకా పెద్దది ఎందుకు పెట్టరంటే, విమానంలో ప్రత్యేక అనుమతి లేకుండా తీసుకెళ్లగలిగేది 100 వాట్-అవర్ల వరకే. అందుకే పెద్ద ల్యాప్‌టాప్‌ల మీద 99 లేదా 99.9 అనే అంకె కనబడుతుంది. కరెంటు కోతలున్న చోట ఇన్వర్టరు మీద పని చేసేవాళ్లు చార్జరు వాట్లు కూడా చూడాలి. పలచటి ల్యాప్‌టాప్‌కు 65 వాట్ల చార్జరు సరిపోతుంది, గేమింగ్ ల్యాప్‌టాప్‌కు 200 చుట్టుపక్కల.

వేడి సంగతి కూడా ఉంది. ప్రాసెసర్ 100 డిగ్రీల దాపులకు చేరితే తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. మే నెలలో రేకుల గదిలో, హైవే దుమ్ము పట్టిన ఫ్యానుతో ఎంత ఖరీదైన ల్యాప్‌టాప్ అయినా చవకదానిలాగే నడుస్తుంది. తీరం దగ్గర కాబట్టి ఉప్పుగాలి, తేమ కూడా. ఏడాదికోసారి లోపల శుభ్రం చేయించుకోవాలి.

లక్క రంగులు

నక్కపల్లికి దగ్గర్లో, వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక ఉంది. అంకుడు కర్రను తరిణె పట్టి, లక్కలో సహజ రంగులు కలిపి చేసే అక్కడి బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది. 2025 గణతంత్ర దినోత్సవ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటం ఈ బొమ్మలదే. ఇలాంటి బొమ్మల్ని ఆన్‌లైన్‌లో అమ్మాలంటే ఫొటోలో రంగు ఉన్నది ఉన్నట్టు ఉండాలి. నునుపు లక్క మీద వెలుగు మెరుస్తుంది, సహజ రంగులో ఉండే మెత్తదనం తెర మీద సులువుగా దొరకదు. ఇక్కడ ర్యామ్ 8 జీబీ ఉన్నా నడుస్తుంది, గ్రాఫిక్స్ కార్డు అసలు అక్కర్లేదు. తెర నమ్మదగినదై ఉండాలి, వీలైతే రంగు సరిచేసే కాలిబ్రేటర్ పరికరం ఒకటి ఉండాలి. కొన్నవాళ్లకు ఫొటోలో చూసిన ఎరుపు ఇంటికొచ్చిన బొమ్మలో కనబడకపోతే బొమ్మ వెనక్కి వస్తుంది. నష్టపోయేది చేసిన కళాకారుడు.

దుకాణంలో పది నిమిషాలు

ల్యాప్‌టాప్ కొనడానికి వెళ్లేటప్పుడు పెన్‌డ్రైవ్‌లో మూడు ఫైళ్లు వేసుకెళ్లండి. ఇదివరకు ప్రింటు వేయించిన ఒక పెళ్లి ఫొటో, దాని ప్రింటు కూడా చేతిలో ఉండాలి. నలుపు నుంచి తెలుపుకు మెల్లగా మారే బూడిదరంగు పట్టీ ఒకటి. లేయర్లన్నీ ఉన్న మీ సొంత ఆల్బమ్ షీటు ఒకటి. మొదటిది తెర మీద తెరిచి ప్రింటుతో పక్కపక్కన చూడండి, ముఖ్యంగా ముఖం, కుంకుమ, పూలు. తెరను ముందుకూ వెనక్కూ వంచండి. ముఖం రంగు మారిపోతుంటే వదిలేయండి. బూడిద పట్టీలో చారలు కనబడినా అంతే. ఫొటోషాప్ ఉన్న ప్రదర్శన ల్యాప్‌టాప్ దొరికితే మూడోది తెరిచి లేయరు జరిపి చూడండి.

నచ్చాక ఆ ల్యాప్‌టాప్ అడుగున ఉన్న పూర్తి మోడల్ నంబరు రాసుకోండి, చివరి అక్షరాలతో సహా. ఒకే పేరుతో అమ్మే ల్యాప్‌టాప్‌లో ఒక నంబరుకు 45 శాతం తెర, ఇంకో నంబరుకు 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ తెర ఉండటం మామూలే. డబ్బాలోంచి తీసి ఇచ్చేదాని మీద అదే నంబరు ఉందో లేదో చూసుకున్నాకే డబ్బు కట్టండి. స్టూడియోకు జీఎస్‌టీ రిజిస్ట్రేషన్ ఉంటే బిల్లు మీద జీఎస్‌టీ నంబరు వేయించండి, ల్యాప్‌టాప్ మీద కట్టే 18 శాతం పన్నును ఇన్‌పుట్ క్రెడిట్‌గా సర్దుకోవచ్చు. రిపేరుకు మనిషి ఇంటికొచ్చే వారంటీ అంటే, మీ పిన్‌కోడ్‌కు వస్తారో రారో అక్కడే అడిగి తెలుసుకోండి.